గోడలో, గచ్చులో చెమ్మ నిరోధక పొర: ఎక్కడ వెయ్యాలి, దేనితో వెయ్యాలి?

కొత్త ఇంట్లో దిగి రెండు వానాకాలాలు గడిచేసరికి స్కర్టింగు పైన జానెడు ఎత్తులో లప్పం ఉబ్బి, రంగు పొక్కులు లేచి, గోరు తగిలితే తెల్లటి ఉప్పు పొడిగా రాలడం మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందంటే, చాలామంది దాన్ని గోడకు ఎలాగూ వచ్చే ముసలితనంగానే సరిపెట్టుకుంటున్నారు. నిజానికి పునాది పూర్తయ్యాక, గోడకు మొదటి వరస ఇటుక పెట్టేలోపు దొరికే కొద్ది రోజుల్లో నేల తడి గోడలోకి ఎక్కకుండా ఆపే చెమ్మ నిరోధక పొర గురించి తీసుకోవలసిన ఒక నిర్ణయం సగంలో ఆగిపోయిన ఇళ్లలోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ రోజులు దాటితే గోడను కోయకుండా ఆ పొరను మళ్లీ సరిగ్గా వేయడం కుదరదు.

ఆ సమయంలో ఇంటి యజమానికి మూడు రకాల సలహాలు అందుతాయి. ప్లింత్ బీమ్ (గోడ కింద వేసే ఇనుము, కాంక్రీటు దూలం) ఉంది కాబట్టి వేరే డి.పి.సి. (చెమ్మ నిరోధక పొర) అక్కర్లేదని తాపీ మేస్త్రీ అంటాడు. మందపాటి పాలిథిన్ షీటు పరిస్తే చాలునని దుకాణదారు చెబుతాడు. ఇంజనీరు గీసిన ప్లానులో మాత్రం 40 మి.మీ. కాంక్రీటు, దాని మీద తారు అని రాసి ఉంటుంది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఈ ముగ్గురూ ఏ పదార్థం వాడాలన్న ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. దానికంటే ముందు తేల్చుకోవలసింది ఆ పొర ఏ మట్టంలో ఉండాలి, గోడలోని పొరా గచ్చులోని పొరా ఎక్కడ కలవాలి అన్న సంగతి. చవకరకం పదార్థమైనా సరైన చోట తెగకుండా ఉంటే పని చేస్తుంది, ఖరీదైనది తప్పు చోట ఉంటే చేయదు.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది, నీరు ఎటు నుంచి వస్తున్నదో తెలుసుకోవడం. దీపం వత్తి నూనెను లాగినట్టు, నేలలోని తడిని ఇటుకలోని, సిమెంటు మాలులోని సన్నటి రంధ్రాలు పైకి లాగుతాయి. మామూలు ఎర్ర ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీటిని పీల్చుకోవచ్చునని మన ప్రమాణాలే అనుమతిస్తున్నాయి. ఈ చెమ్మ గోడలో సాధారణంగా మూడు నాలుగు అడుగుల వరకు ఎక్కి, గాలి తగిలిన చోట ఆరిపోతూ తనతో తెచ్చిన ఉప్పును అక్కడే వదిలేస్తుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కనుక, ఎండాకాలంలో మాయమైన మరక వాన పట్టగానే మళ్లీ తేలుతుంది. ఈ వ్యాసంలో చెప్పే పొరలు కింది నుంచి ఎక్కే ఈ తడిని మాత్రమే ఆపుతాయి. స్లాబు కారడానికీ, స్నానాల గది పైపు లీకుకూ మందు వేరే.

రెండవది నేల స్వభావం. కోనసీమలోనూ కృష్ణా డెల్టాలోనూ నీటిమట్టం చాలాచోట్ల పైపైనే ఉంటుంది, సముద్రానికి దగ్గరైన చౌడు నేలల్లో దానికి ఉప్పు తోడవుతుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కాబట్టి అక్కడ గట్టిగా, పెళుసుగా ఉండే పొర చీలే అవకాశం ఎక్కువ. హైదరాబాదు చుట్టుపక్కల మొరం, రాతి నేలల్లో నీటిమట్టం లోతుగానే ఉన్నా, వాన నీరు కిందికి ఇంకలేక రాతి మీదుగా జారి, పల్లం వైపున్న ఇంటి పునాదిని పక్క నుంచి తడుపుతుంది.

మూడవది ఎత్తులు. ఇంటి ప్లింత్, అంటే గచ్చు నిలిచే పీఠం, చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెం.మీ. ఎత్తులో ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మన వీధుల్లో పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేసుకుంటూ పోతారు కాబట్టి, ఈ రోజు అడుగున్నర ఎత్తున్న ఇల్లు పదిహేనేళ్లకు వీధితో సమానమైపోవడం చూస్తూనే ఉన్నాం. అందువల్ల పొర ఎత్తును నేటి నేలను బట్టి కాక, రాబోయే రోడ్డును బట్టి లెక్క వేసుకోవాలి.

నాలుగవది, ఇల్లు గోడల మీద నిలుస్తుందా, పిల్లర్ల మీద నిలుస్తుందా అన్నది. ఐదవది పనితనం. వేసినవాళ్లు చిన్న పొరపాటు చేసినా తట్టుకునే పద్ధతి ఏది, మూసేసే ముందు కంటితో చూసి సరిచేయగలిగేది ఏది అన్నది ఇంజనీరింగు ప్రశ్న ఎంతో, యజమాని ప్రశ్న కూడా అంతే.

గోడలో పొర: ఏ మట్టంలో?

పొర బయటి నేల కంటే కనీసం 15 సెం.మీ. పైన ఉండాలి. దానికంటే కిందికి దిగితే వాన చినుకులు నేల మీద పడి చిమ్మే నీరు, ఇంటి చుట్టూ చేరే మట్టి, పూలమొక్కల కోసం గోడకు ఆనించి కట్టే తొట్లు పొరకు పైనున్న ఇటుకను నేరుగా తడుపుతాయి.

పైహద్దును ఎక్కువమంది మరచిపోతారు. పొర గది గచ్చు మట్టాన్ని మించి పైకి పోకూడదు. స్కర్టింగు ఎత్తులో పొర వేస్తే, గచ్చుకూ పొరకూ మధ్య మిగిలిన రెండు మూడు అంగుళాల గోడ గది లోపలికే చెమ్మను చూపిస్తుంది.

ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడ వేసినా సరిపోతుందా అంటే, సరిపోదు. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే ఉంది కనుక దీన్ని కాస్త నిదానంగా చెబుతాను. పిల్లర్ల ఇళ్లలో చాలాచోట్ల బీమును నేలమట్టంలోనో దానికి కాస్త పైనో వేసి, దాని మీద రెండు మూడు అడుగులు ఇటుక కట్టి, లోపల మొరమో తవ్విన మట్టో నింపి, ఆపైన గచ్చు వేస్తారు. బీము కింది తడిని ఆపిందనే అనుకుందాం. అయినా లోపల నింపిన మట్టి బీముకు పైనున్న ఇటుకను పక్క నుంచి ఆనుకొని ఉంటుంది. ఆ మట్టికి కింద నేల ఉంది, నేలకూ మట్టికీ మధ్య అడ్డేమీ లేదు. చెమ్మ బీము గుండా వెళ్లవలసిన అవసరమే లేకుండా, మట్టి గుండా పైకొచ్చి పక్క నుంచి గోడలోకి దూరుతుంది. ఇలాంటి ఇంట్లో బీము ఎంత గట్టిదైనా చెమ్మ నిరోధక పొరగా లెక్కకు రాదు. పొర గచ్చు అడుగు మట్టంలో మళ్లీ ఉండాలి. అది కుదరకపోతే బీము నుంచి గచ్చు దాకా గోడ లోపలి ముఖానికి నిలువు పొర వేసి, ఆ తర్వాతే మట్టి నింపాలి.

ఇదే సూత్రం రెండు గదుల గచ్చులు వేరువేరు ఎత్తుల్లో ఉన్నప్పుడూ వర్తిస్తుంది. ముందుగది కంటే వంటిల్లు అరడుగు ఎత్తులో ఉంటే, మధ్య గోడలో రెండు మట్టాలనూ కలుపుతూ, ఎత్తున్న వైపు మట్టి ఆనే ముఖానికి నిలువు పూత తప్పనిసరి.

గోడలో పొర: దేనితో?

| పద్ధతి | మేలు | లోపం | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|
| 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు, 40 మి.మీ., పైన వేడి తారు | బరువును మోస్తుంది, అన్ని ఊళ్లలో చేయగలరు | పునాది కుంగితే చీలుతుంది, తడి మీద తారు పూస్తే అతకదు | గోడల మీద నిలిచే ఇళ్లు, గట్టి నేల |
| గచ్చు మట్టంలో ప్లింత్ బీమ్, పైనా లోపలి పక్కనా పూత | చీలికలు తక్కువ, పొరతో పాటు బలం కూడా | కాంక్రీటు సరిగ్గా కూరకపోతే గుల్లగా మారి చెమ్మను వదులుతుంది | పిల్లర్ల ఇళ్లు, నల్లరేగడి |
| తారు షీటు లేదా మందపాటి పాలిథిన్ | నేల కదిలినా తెగదు, చవక | మాలు దానికి పట్టదు, ఆ వరసలో గోడ జారే వీలుంటుంది | బరువు మోయని తేలికపాటి లోపలి గోడలు, గచ్చు |
| నాపరాళ్లు లేదా గ్రానైటు పలకలు, రెండు వరసలు | రాయి పాడవదు, నీటిని అంతగా పీల్చదు | కీళ్లు ఒకదాని మీద ఒకటి పడితే ఫలితం పోతుంది | రాయి దగ్గరగా దొరికే చోట్లు |

కాంక్రీటు పొరలో కంకర 12 మి.మీ. మించకూడదు. వాటర్‌ప్రూఫ్ పొడి కలిపితే మంచిదే, కానీ నీళ్లు ఎక్కువ పోసి పల్చగా కలిపిన కాంక్రీటును ఏ పొడీ కాపాడలేదు. కనీసం ఏడు రోజులు తడిపి, ఆ తర్వాత పూర్తిగా ఆరనిచ్చి, దుమ్ము దులిపి, కిరోసిన్‌లో కాస్త తడిపిన గుడ్డతో తుడిచి, అప్పుడు చదరపు మీటరుకు 1.7 కిలోల చొప్పున వేడి తారు పూయాలి. ప్రభుత్వ నిర్మాణాల్లో పాటించే మోతాదు ఇదే. తారు వేడిగా ఉండగానే పొడి ఇసుక చల్లితే, దాని మీద వచ్చే మాలుకు పట్టు దొరుకుతుంది.

దీనికయ్యే సామాను ఎంతో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 24 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు ఉన్న ఇంటికి బయటి గోడలు 120 అడుగులు, లోపలి గోడలు ఒక 60 అడుగులు అనుకుంటే, తొమ్మిది అంగుళాల మందం మీద పొర విస్తీర్ణం 135 చదరపు అడుగులు. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. దానికి పట్టే కాంక్రీటు అర ఘనపు మీటరు, సిమెంటు మూడు బస్తాలకు కాస్త పైన, తారు 21 కిలోలు. ఇంటి మొత్తం ఖర్చులో ఇది కంటికి ఆనని భాగం. ఖర్చు పేరు చెప్పి దీన్ని మానేయమనే సలహాను నేను ఒప్పుకోలేను.

షీటును బరువు మోసే గోడల్లో వాడడం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. గోడకు పునాదితో ఉన్న పట్టును షీటు తెంచేస్తుంది. మామూలు రోజుల్లో గోడ బరువే దాన్ని నిలబెడుతుంది కానీ, భూకంపం పక్కకు నెట్టినప్పుడు ఆ వరసే బలహీనమైన చోటు అవుతుంది. భూకంపాలను తట్టుకునే కట్టడాల గురించిన ఐ.ఎస్. 4326 అనే భారతీయ ప్రమాణం ప్లింత్ మట్టంలో ఇనుము వేసిన కాంక్రీటు పట్టీని సూచిస్తూ, అదే చెమ్మ నిరోధక పొరగానూ పనిచేస్తుందని చెబుతుంది. మేస్త్రీ చెప్పే మాటకు ఆధారం ఇక్కడ దొరుకుతుంది. షరతు ఒక్కటే, అది సరైన మట్టంలో ఉండాలి.

ఏ.ఏ.సి. బ్లాకులతో (గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మలతో) కట్టేవారు పొర మీద మొదటి ఒకటి రెండు వరసలు గట్టి కాంక్రీటు బ్లాకులతో కట్టుకుంటే, గచ్చు కడిగిన నీళ్లు ఆ తేలికపాటి బ్లాకుల్లోకి ఇంకకుండా ఉంటాయి.

గచ్చులో పొర: మూడు చోట్లు

గచ్చు కింద సాధారణంగా దిమ్మిస కొట్టిన మొరం, దాని మీద ఇసుక, ఆపైన నాలుగు అంగుళాల బెడ్ కాంక్రీటు, మాలు, టైల్స్ లేదా బండలు ఉంటాయి. పొరను బెడ్ కాంక్రీటు కింద వేయవచ్చు, దాని పైన వేయవచ్చు, లేదా టైల్స్‌కు సరిగ్గా అడుగున వేయవచ్చు.

బెడ్ కాంక్రీటు కింద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిస్తే, కాంక్రీటు కూడా పొడిగా ఉంటుంది, నేలలోని ఉప్పు దాన్ని తాకదు, గచ్చు ఎత్తు పెరగదు. చౌడు నేలల్లో ఇది పెద్ద లాభం. చిక్కు ఏమిటంటే, షీటు మీద మనుషులు తట్టలతో నడుస్తారు, 40 మి.మీ. కంకర దాని మీదే పడుతుంది, చిల్లు పడినా కాంక్రీటు కప్పేశాక ఎవరికీ కనిపించదు. కింద రెండు అంగుళాల మెత్తటి ఇసుక సమంగా పరిచి, షీటు అంచులను ఒకదాని మీద ఒకటి 15 సెం.మీ. ఎక్కించి టేపు అంటించి, కాంక్రీటు పోసేటప్పుడు నడవడానికి చెక్కలు వేస్తేనే ఈ పద్ధతి ఫలిస్తుంది. చెదల మందు చల్లించాలనుకుంటే అది షీటు పరిచే ముందే జరగాలి.

బెడ్ కాంక్రీటు పైన వేస్తే ఆ చిక్కులన్నీ తీరుతాయి. నున్నటి, గట్టి ఉపరితలం మీద షీటు గానీ తారు పూత గానీ వేస్తారు కాబట్టి ప్రతి అడుగూ చూసుకోవచ్చు. అయితే దాని మీద వచ్చే మాలు కిందికి అతకదు కనుక కనీసం రెండు అంగుళాల మందం ఉండాలి, లేకపోతే బరువైన బీరువా కాలి కింద పగులుతుంది. ఈ ఎత్తును మొదటే గడప మట్టంలో లెక్కించుకోవాలి.

టైల్స్ అడుగున వేసే పాలిమర్ సిమెంటు పూతలు కట్టేసిన ఇంటిని బాగుచేయడానికి పనికొస్తాయి. కొత్త ఇంటికి దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం నాకు నచ్చదు. కింద కాంక్రీటంతా తడిగానే ఉండిపోతుంది, ఉప్పు పూత అడుగున పేరుకొని దాన్ని పైకి నెడుతుంది, బెడ్ కాంక్రీటులో సన్నటి బీట వచ్చినా పూత కూడా అక్కడే తెగుతుంది.

వీటికి తోడుగా, మొరం మీద ఇసుకకు బదులు ఆరు అంగుళాల మందంలో పొడి లేని 40 మి.మీ. కంకర వేయడం మంచి అలవాటు. పెద్ద రాళ్ల మధ్య ఖాళీలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి నీరు వత్తిలా పైకి ఎక్కలేదు. కంకరకూ షీటుకూ మధ్య ఇసుక పలుచగా పరచడం మరవకూడదు. అయితే నీటిమట్టమే ఆ కంకర దాకా లేచే డెల్టా ఊళ్లలో దీనివల్ల ప్రయోజనం ఉండదు. అక్కడ ఇంటి ఎత్తు పెంచడం, షీటు తెగకుండా చూసుకోవడమే దారి.

విట్రిఫైడ్ టైల్స్ వేస్తున్నాం కనుక గచ్చులో పొర అక్కర్లేదని వాదించేవారు ఉన్నారు. టైలు తడిని పైకి రానివ్వదన్నది నిజమే. కానీ ఆరే దారి మూసుకుపోయిన తడి కీళ్ల వైపు, గోడ మూలల వైపు మళ్లుతుంది. లేత రంగు మార్బుల్‌లో అది నల్లటి మరకగా తేలుతుంది, తాండూరు బండల్లో ఉప్పు పేలి పైపొర లేస్తుంది.

రెండు పొరలూ కలిసే చోటు

గోడ పొర, గచ్చు పొర విడివిడిగా ఎంత బాగా వేసినా, వాటి మధ్య రెండు అంగుళాల సందు మిగిలితే చెమ్మకు ఆ దారి చాలు. మన పని వరసలో ఈ సందు రావడం చాలా తేలిక. గోడ పొర మొదట్లో పడుతుంది, గచ్చు మాత్రం స్లాబు, ప్లాస్టరింగు అయ్యాక నెలల తర్వాత వస్తుంది. గోడ కింద షీటు వాడి లోపలికి జానెడు అంచు వదిలితే, ఆ నెలల్లో దాని మీద ఇటుకలు పడి, తట్టలు దిగి చిరిగిపోతుంది. అందువల్ల గోడలో కాంక్రీటు, తారు పద్ధతిని ఎంచుకుని, తారును లోపలి పక్కకు కూడా 15 సెం.మీ. దించి పూసి, గచ్చు సమయంలో షీటును గోడ వైపు పైకి మడిచి ఆ తారు అంచుకు అతికించడం మన పరిస్థితులకు నమ్మదగిన కలయిక అని నా అభిప్రాయం. మడిచిన అంచు స్కర్టింగు వెనుక దాగిపోతుంది.

గుమ్మాల దగ్గర గోడ పొర ఆగిపోతుంది. అక్కడ గచ్చు పొర గడప కింది నుంచి తెగకుండా అవతలి గదిలోకి సాగాలి. ముహూర్తం ప్రకారం ద్వారబంధం ముందే నిలబెడతాం కాబట్టి, గడప కింద తారు షీటు ముక్కను రెండు వైపులా అడుగు చొప్పున వదిలి పరచమని ఆ రోజే చెప్పాలి. కొయ్య గడపకు చెమ్మ పట్టాక చెదలు రావడానికి ఎంతో కాలం పట్టదు.

ఎవరికి ఏది?

గట్టి మొరం నేల మీద ఒక అంతస్తు ఇల్లు గోడల మీదే కట్టుకునేవారికి 40 మి.మీ. కాంక్రీటు, తారు, గచ్చులో బెడ్ కాంక్రీటు పైన షీటు చాలు. పైన చెప్పిన కొలతల ఇంటికి అంచుల మడతలతో కలిపి 850 చదరపు అడుగుల షీటు పడుతుంది.

నల్లరేగడిలో కట్టేవారు కాంక్రీటు పట్టీతో ఆగకుండా గచ్చు మట్టంలో ఇనుము వేసిన బీముకు వెళ్లాలి. తవ్విన నల్లమట్టిని తిరిగి లోపల నింపవద్దు. అది ఉబ్బి గచ్చును లేపుతుంది, పొరను చింపుతుంది. మొరం తెప్పించే ఖర్చు ఎక్కువే అయినా, ఈ నేలలో షీటు కంటే ముందు డబ్బు పెట్టవలసింది దాని మీదే.

డెల్టాలో, తీరప్రాంతంలో ఉన్నవారికి గచ్చు షీటు బెడ్ కాంక్రీటు కింద ఉండడమే మేలు, ఎందుకంటే అక్కడ కాంక్రీటును ఉప్పు నుంచి కాపాడడం కూడా పనిలో భాగం. మేస్త్రీల జాగ్రత్త మీద అనుమానం ఉంటే కింద ఒకటి, పైన ఒకటి వేయించుకోవచ్చు. రెండో షీటు ఖర్చు టైల్స్ మళ్లీ మార్పించే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఊళ్లో తల్లిదండ్రుల కోసం ఇల్లు కట్టిస్తున్నవారు, ఫోటోలో కనిపించే పద్ధతులనే ఎంచుకోవడం మంచిది. నల్లటి తారు పూత పక్కన టేపు పట్టుకుని తీసిన ఫోటో ఎత్తునూ వెడల్పునూ చూపిస్తుంది. కాంక్రీటులో వాటర్‌ప్రూఫ్ పొడి కలిపారో లేదో ఏ ఫోటో చెప్పదు.

ఇప్పటికే కట్టిన ఇంట్లో చెమ్మ ఎక్కుతుంటే, గోడ అడుగున మాలు వరసలో సుమారు 12 మి.మీ. రంధ్రాలు 12 సెం.మీ. మించని దూరంలో చేసి, నీటిని అంటనివ్వని సైలేన్ ద్రవాన్ని ఎక్కించే పద్ధతి ఉంది. అది గోడ అంతా ఒకే వరసలో పట్టాలి, ఆ తర్వాత ఉప్పు పట్టిన ప్లాస్టరును చెక్కేసి కొత్తది వేయాలి. ఇది చేయకుండా మరక మీద టైల్స్ అతికిస్తే ఆరే చోటు మూసుకుపోయి చెమ్మ మరింత పైకి ఎక్కుతుంది. నాలుగు అడుగుల టైల్స్ పైన ఐదో అడుగులో మరక తేలిన గోడలను చాలా చూశాను.

పొర వేశాక దాన్ని దాటించే పనులు

బయటి ప్లాస్టరును నేల నుంచి ఏకంగా పైదాకా లాగితే, చెమ్మ పొరను పక్కన పెట్టి ఆ ప్లాస్టరు గుండానే పైకి వెళుతుంది. పొర మట్టంలో అర అంగుళం గాడి కోసి, కింది ప్లాస్టరును పై ప్లాస్టరు నుంచి విడదీయాలి. ఇంటి చుట్టూ రెండున్నర మూడు అడుగుల వెడల్పున బయటికి వాలుగా ప్లింత్ ప్రొటెక్షన్ (గోడను ఆనుకొని బయట వేసే గట్టి గచ్చు) వేస్తే గోడ అడుగున నీరు నిలవదు.

మెట్లు, అరుగు, తులసికోట అన్నీ ఇంటి పని ముగిశాక, చాలాసార్లు వేరే పనివాళ్ల చేత కట్టిస్తాం. గోడకు ఆనించి మట్టి నింపి కట్టే అరుగు పొర మట్టాన్ని దాటితే, లోపలి మట్టి నుంచి చెమ్మ సూటిగా గోడలోకి వెళుతుంది. అరుగుకు మట్టి పోసే ముందు, అది ఆనబోయే గోడ ముఖమంతా, అరుగు ఎత్తుకు మరో 15 సెం.మీ. పైదాకా, రెండు పూతలు తారు పూయించి ఆరనివ్వాలి.